లోపల ఎన్ని కాయితాలున్నయ్?

సార్ పోయిన కబురు నాకు రెండుసార్లు వచ్చింది. మొదటిసారి వచ్చినప్పుడు నేను చదవలేదు.

ఆ పొద్దున ఫోన్‌లో సార్ ఫోటో కనబడింది. అది సార్ పనిచేసిన కాలేజీ పాత విద్యార్థుల గ్రూపు. నేను ఆ కాలేజీలో చదివినవాణ్ణి కాకపోయినా సార్ పట్టుబట్టి నన్నూ అందులో చేర్పించారు. ఫోటోలో ఆయన మెడలో దండ ఉంది. కింద "మనందరికీ లెక్కలంటే భయం పోగొట్టిన మన సార్" అని మొదలై, ఆ తర్వాత "ఇంకా చదవండి" అని నీలం అక్షరాలు ఉన్నాయి. మళ్ళీ ఎక్కడో సన్మానం చేసినట్టున్నారు అనుకున్నాను. దండం పెట్టే చేతుల బొమ్మ ఒకటి పంపి చాయ్ తాగడానికి కూర్చున్నాను.

గంట తర్వాత అక్క ఫోన్ చేసింది. అక్క అంటే సార్ భార్య. "తమ్మీ, సార్ పోయిండు. ఊరంత వచ్చి చూసి పోతున్రు. నువ్వింక రాలేదేంది?" అంది. గ్రూపు మళ్ళీ తెరిచి ఆ నీలం అక్షరాల మీద నొక్కాను. తెల్లవారేసరికి గుండె ఆగిందని, మధ్యాహ్నం అంత్యక్రియలని, అంతా అందులోనే ఉంది.

నేను దేవరకొండలోనూ చుట్టుపక్కల పల్లెల్లోనూ ముప్ఫై ఏళ్ళకు పైగా ఉత్తరాలు పంచి రిటైరైన పోస్ట్‌మన్‌ను. సగం చదివి సగం వదిలేయడం నా పాత జబ్బు. ఆ జబ్బును కనిపెట్టింది సార్ ఒక్కరే, కుదిర్చిందీ ఆయనే. కుదిర్చారనుకున్నాను గానీ, ఆయన పోయిన పొద్దునే మళ్ళీ తిరగబెట్టింది. అందుకే ఈ నాలుగు మాటలు ఏదీ వదలకుండా రాద్దామని కూర్చున్నాను. నా తప్పు కూడా ఇందులో ఉంటుంది, చదివేవాళ్ళు తిట్టుకున్నా సరే.

సార్ జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పేవారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. జేబులో ఎప్పుడూ రెండు పెన్నులు ఉండేవి, ఒకటి నీలం, ఒకటి ఎరుపు. చూపు పోయాక కూడా ఆ రెండు పెన్నులూ మానలేదు. "అవి ఏం జేస్తయ్ సార్ ఇప్పుడు?" అని ఒకసారి నోరు జారాను. "జేబుకు బరువుండాలె తమ్మీ, లేకపోతే అంగీ నాది గానట్టుంటది" అన్నారు. ఏ కాగితాన్నయినా నాలుగు మడతలు పెట్టి, అంచులు కలిశాయో లేదో గోటితో తడిమి చూసుకునేవారు. చాయ్ గిన్నెలో పోసుకుని ఊదుకుంటూ తాగేవారు, ఎంత పెద్దమనుషులున్నా సరే.

షుగర్ వల్ల ఆయన కళ్ళు దెబ్బతిన్నాయి. తెలంగాణ వచ్చిన కొత్తలో కుడి కన్ను పూర్తిగా పోయింది, ఎడమ కన్ను మసకగా ఉండేది. అప్పటి నుంచి ఆయన ఉత్తరాలు నేనే చదివి వినిపించేవాణ్ణి. నాకది కొత్త పని కాదు. పల్లెల్లో ఎందరికో చదివాను. అట్లా చదివీ చదివీ ఒక అలవాటు పడింది. చెడ్డ మాట వస్తే గొంతు సవరించుకుని పక్క పంక్తికి దూకేవాణ్ణి. బొంబాయి పోయిన కొడుకు ఈ ఏడు కూడా రావడం లేదని రాస్తే, "పని బాగ ఉందంట అవ్వా, నిన్ను అడిగిండు" అని చెప్పేవాణ్ణి. ఆ ముసలమ్మ నవ్వేది. మంచి పని చేశాననుకుంటూ సైకిల్ ఎక్కేవాణ్ణి.

ఒకరోజు హైదరాబాద్ కంటి దవాఖాన నుంచి సార్‌కు కవరు వచ్చింది. లోపల రెండు కాగితాలు. మొదటిదాంట్లో ఆరు నెలలకు మళ్ళీ రావాలని ఉంది. రెండోదాంట్లో ఎడమ కన్ను కూడా నిలవదని, ఉన్న కాస్త చూపుతోనే కర్రతో నడవడం, చెవితో చదవడం లాంటివి ఇప్పుడే నేర్చుకోవాలని, దానికి ఫలానా చోట శిక్షణ ఇస్తారని రాసి ఉంది. నేను మొదటిది చదివాను. రెండోదాన్ని మడిచి కవరులో పెట్టాను. "ఆరు నెలలకు రమ్మన్నరు సార్, ఫికర్ లేదు" అన్నాను. ఆయన మొహం ఎంత వెలిగిందో ఇప్పటికీ నా కళ్ళ ముందుంది.

ఆరు నెలలు అయ్యేసరికి ఎడమ కన్ను కూడా పోయింది. దవాఖానలో డాక్టరు "మేము రాసినవి ఏవీ నేర్చుకోలేదా?" అని అడిగాడట.

తిరిగొచ్చిన మర్నాడు నన్ను పిలిపించారు. ఆ పాత కవరు తీసి నా చేతిలో పెట్టి, "దీని లోపల ఎన్ని కాయితాలున్నయ్ తమ్మీ?" అన్నారు. కవరు అటూ ఇటూ తిప్పాను. మళ్ళీ అడిగారు. "రెండు సార్" అన్నాను. "ఎన్ని చదివినవ్?" అన్నారు. "ఒకటి." ఆయన అరవలేదు. అరిచి ఉంటే నాకు తేలికయ్యేది. "నువ్వు నా మీద ప్రేమతోనే చేసినవ్, నాకెరుకే. కని ఆ ఆరు నెలలు నావి. నాకు సగం చూపున్న ఆరు నెలలు. అవి నువ్వు తీస్కున్నవ్" అన్నారు. నేను ఏడ్చాను. ఆయన నన్ను ఏడవనిచ్చి, చాయ్ తెమ్మని అక్కకు చెప్పి, ఆ తర్వాత శిక్ష వేశారు.

"ఇగ నా ఉత్తరాలు నేనే చదువుకుంట. దానికి చేతులు కావాలె. నీ చేతులే కావాలె."

ఇప్పుడు ఉత్తరాలన్నీ కంప్యూటర్లోకే వస్తాయని ఆయనకు తెలుసు. కాలేజీ వాళ్ళు మూలన పడేసిన పాత కంప్యూటర్ ఒకటి అడిగి తెచ్చుకున్నారు. ఆయన పాత విద్యార్థి ఒకడు వచ్చి అందులో ఒక పాత పద్ధతి మెయిల్ ప్రోగ్రాం వేసి పోయాడు. బొమ్మలుండవు, బాణం గుర్తు ఉండదు. నల్ల తెర, దాని మీద తెల్లటి అక్షరాలు, అంతే. ఆ అక్షరాలను ఒక మరగొంతు పైకి చదువుతుంది. నాకు చూడగానే బెంగ పట్టుకుంది. సార్ మాత్రం, "అక్షరాలైతే నాకు వినబడ్తయ్. బొమ్మలు నాకెందుకు?" అన్నారు.

మొదటి మెయిల్ నారాయణపేటలో టీచరుగా పనిచేస్తున్న శిష్యుడిది. చేనేత ఇంటి పిల్లవాడు, సార్ అంటే ప్రాణం. లెక్క ఒకటి తేలడం లేదు, జతచేసిన కాగితం చూడండి అని రాశాడు. ఆ తర్వాత మరగొంతు ఇంగ్లీషులో నాకు అందనంత వేగంగా ఏదో గొణిగింది. ఏమందని అడిగాను. "ఇంకో భాగమున్నది, దాన్ని చూపెట్టుడు నాకు రాదు, చూడాలంటే వి నొక్కు అంటుంది" అన్నారు సార్. ఆ తర్వాత నా వైపు తిరిగి, "రాదని చెప్పింది సూడు. నువ్వు గా మాట గూడ చెప్పలే" అన్నారు. ఆ మాట తగలవలసిన చోట తగిలింది. అయినా నాకు నవ్వొచ్చింది, ఆయనా నవ్వారు.

ఆ "రాదు"ను "వచ్చు" చేయడమే మా పని. రోజూ పొద్దున బట్వాడాకు పోయే ముందు ఒక గంట కూర్చునేవాళ్ళం. ఎట్లా చేయాలో రాసి ఉన్న పుస్తకం ఆ కంప్యూటర్లోనే ఉంది. దాన్ని సార్ మరగొంతుతో పదిసార్లు చదివించుకుని కంఠతా పట్టారు. ఆయన చెప్పేవారు, నేను ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేవాణ్ణి.

మెయిల్‌క్యాప్ అని ఒక ఫైలు ఉంటుంది. అది మా పోస్టాఫీసులో ఉత్తరాలు విడదీసే అరల వంటిదని చెప్తే గానీ నాకు ఎక్కలేదు. ఏ రకం కాగితం వస్తే ఏ ప్రోగ్రాం చేతికి ఇవ్వాలో అందులో రాయాలి. ఒక్కో పంక్తిలో మూడు ముక్కలు, మధ్యలో సెమికోలన్లు. మొదటి ముక్క, వచ్చింది ఏ రకమో చెప్తుంది. రెండోది, దాన్ని విప్పి అక్షరాలుగా మార్చే ప్రోగ్రాం. మూడోది కోపియస్ అవుట్‌పుట్ అనే ఒక్క మాట, మధ్యలో జాగా లేకుండా. అంటే విప్పినదంతా ఇక్కడే, ఈ తెర మీదే పొయ్యి అని అర్థం. "గా మూడో మాటే పానం తమ్మీ. అది లేకుంటే ఇది విప్పనే విప్పదు" అన్నారు సార్.

వెబ్ పేజీ వంటి మెయిల్‌కు ఒక పంక్తి, పీడీఎఫ్‌కు ఒక పంక్తి, వర్డ్ కాగితానికి ఒక పంక్తి రాశాం. వీటన్నిటినీ అడగకుండానే విప్పు అని ఇంకో ఫైలులో ఆజ్ఞ రాశాం. నారాయణపేట మెయిల్ మళ్ళీ తెరిచాం. మరగొంతు మళ్ళీ అదే పాట పాడింది, రాదు, రాదు అని.

మూడు రోజులు తలలు పట్టుకున్నాం. నేనైతే వదిలేద్దామన్నాను. "నేను చదివి పెడ్త సార్, ఇగ ఒక్క అక్షరం వదల, ఒట్టు" అన్నాను. "నీ ఒట్టు నాకెందుకు? నాకు ఉత్తరం గావాలె" అన్నారు. ఆ పూట కొంచెం కఠినంగానే అన్నారు. నాలుగో రోజు ఆ ఫైలును మరగొంతుతో ఒక్కో అక్షరంగా చదివించడం మొదలుపెట్టారు. కళ్ళు మూసుకుని, పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు, ఎర్ర పెన్ను చేతిలో పట్టుకుని విన్నారు. ఒక పంక్తి అయిపోయాక చెయ్యెత్తి ఆపారు.

"యు, టి, డాట్ అన్నది. డాట్ ఎక్కడిది తమ్మీ?"

చూస్తే ప్రతి పంక్తి చివరా చుక్క ఉంది. నేనే పెట్టాను. నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా మొదటి పోస్ట్‌మాస్టర్, రిజిస్టర్‌లో ఏ పంక్తి రాసినా చివర చుక్క పెట్టమని నేర్పాడు. చుక్క లేకపోతే తర్వాత ఎవరైనా ఏదైనా చేర్చవచ్చని ఆయన భయం. ముప్ఫై ఏళ్ళు అట్లాగే పెట్టాను. నా చెయ్యి నన్ను అడగకుండానే పెట్టేసింది. ఆ చుక్కతో మూడో మాట వేరే మాట అయిపోయి కంప్యూటర్‌కు అర్థం కాలేదు. సంగతి చెప్తే సార్ కళ్ళ వెంబడి నీళ్ళు వచ్చేలా నవ్వారు. అక్క వంటింట్లోంచి వచ్చి ఏమైందని అడిగింది. "పోస్టాఫీసు చుక్క నా ఉత్తరాలు ఆపిందే" అన్నారు.

చుక్కలు తీసేశాం. నారాయణపేట మెయిల్ తెరిచాం. మరగొంతు మెయిల్ చదివి, ఆగకుండా జతచేసిన కాగితంలోకి దిగి, లెక్క మొత్తం చదివింది.  సార్ ఆ లెక్క జవాబు నోటితోనే చెప్పి నన్ను కొట్టమన్నారు. చూపు పోయాక ఆయన తన ఉత్తరం తాను చదువుకుని తానే జవాబు ఇవ్వడం అదే మొదలు. నా గుండె బరువు సగం దిగింది.

అయితే కథ అక్కడితో అయిపోలేదు. కొన్ని మెయిళ్ళు ఒకే సంగతిని రెండు రకాలుగా మోసుకొస్తాయి, ఒకటి మామూలు అక్షరాలతో, ఒకటి వెబ్ పేజీ లాగ. ప్రోగ్రాం ఆ రెంటిలో ఒకదాన్నే చూపించి ఊరుకుంటుంది. రెండోది ఉన్నట్టు కూడా చెప్పదు. ఒకసారి దవాఖాన మెయిల్లో మామూలు భాగంలో నమస్కారం ఒక్కటే ఉంది. రావలసిన రోజు, తీసుకోవలసిన మందులు అన్నీ రెండో భాగంలోని పట్టికలో ఉన్నాయి. దవాఖానకు ఫోన్ చేసినప్పుడు గానీ అది తెలియలేదు.

"ఇది గూడ నీ లెక్కనే చేస్తుంది తమ్మీ" అన్నారు సార్. "రెండు కాయితాలుంటె ఒకటి చదివి, ఇంగేం లేదంటది."

ఏ భాగాన్ని ముందు చూపాలో వరుస రాసే ఆజ్ఞ ఒకటి ఉందని పుస్తకంలో వెతికి పట్టారు. వెబ్ పేజీ భాగాన్ని ముందుకు తెచ్చాం. అయినా ఆయన దాన్ని నమ్మలేదు. ఏ మెయిల్ వచ్చినా ముందు వి మీట నొక్కి, లోపల ఎన్ని భాగాలున్నాయో ఆ జాబితా విన్న తర్వాతే చదవడం మొదలుపెట్టేవారు. ఎంత చిన్న మెయిలైనా సరే, పండుగ శుభాకాంక్షలైనా సరే, ముందు లెక్క, తర్వాతే చదువు.

ఆ వి మీట తొందరగా దొరకడానికి సార్ అక్క బొట్టు బిళ్ల ఒకటి దాని మీద అంటించుకున్నారు. మఖ్మల్ బిళ్ల, ఎర్రది. వేలికి మెత్తగా తగిలేది. నెలకొకసారి అరిగిపోయేది, మళ్ళీ కొత్తది. "నా బొట్లన్ని ఆ డబ్బకే పెడ్తున్నడు, దాన్నే పెండ్లి చేసుకోకపోయిండా" అని అక్క దెప్పేది. "అది నాకు అబద్ధం చెప్పదు, నువ్వు కూరల ఉప్పు సంగతి కూడ చెప్పవు" అని ఆయన తిప్పికొట్టేవారు. షుగర్‌తో పాటు బీపీ కూడా ఉండేది కాబట్టి ఉప్పు దగ్గర వాళ్ళిద్దరికీ రోజూ పేచీ.

ఆయనకు లొంగనిది ఒక రకం మిగిలింది. కొన్ని తెలుగు పీడీఎఫ్‌లు పాత అక్షరాల ఫాంట్‌తో చేసినవి ఉంటాయి. చూసేవాళ్ళకు తెలుగే, మరగొంతుకు మాత్రం పిచ్చి గుర్తులు. రిటైరైన అధ్యాపకుల మీటింగు పిలుపు ఒకటి అట్లా వస్తే, అది "పర్సెంట్ ఎట్ ఎక్స్ స్లాష్" అని గుక్క తిప్పుకోకుండా చదివింది. "ఇదేం మంత్రం తమ్మీ, ఎవలకన్న చేతబడి చేస్తున్నరా?" అన్నారు సార్. అట్లాంటివి మాత్రం నన్ను చదవమనేవారు. చదివే ముందు ప్రతిసారీ అదే ప్రశ్న. "లోపల ఎన్ని కాయితాలున్నయ్?" నేను చెప్పేవాణ్ణి. అన్నీ చదివేవాణ్ణి. సంవత్సరాలు గడిచాక ఒకరోజు ఆ ప్రశ్న అడగడం మరిచిపోయారు. నేనే గుర్తుచేశాను. "అడగాల్నా ఇంక?" అన్నారు. నా ఉద్యోగంలో నాకు ఏ పతకమూ రాలేదు. ఆ మాటే వచ్చింది.

పదో దినం అయిపోయాక అక్క నన్ను పిలిచింది. వాళ్ళకు పిల్లలు లేరు. చుట్టాలందరూ వెళ్ళిపోయారు. అక్క నుదుటి బొట్టు తీసేశారు, అది ఉన్న చోట తెల్లటి మచ్చ మిగిలింది. "ఆ డబ్బ తెరువు తమ్మీ. సార్ పోయిన సంగతి తెల్వనోళ్ళు ఇంక ఉత్తరాలు రాస్తున్నరేమో, జవాబియ్యాలె" అంది. సార్ కుర్చీలో కూర్చోవడానికి మనసొప్పలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాను. మరగొంతు ఇంకా ఆయన పెట్టుకున్న వేగంతోనే మాట్లాడుతోంది.

కొత్త మెయిళ్ళ కింద, రెండు నెలల కిందటిది ఒకటి హైదరాబాద్ గుండె దవాఖాన నుంచి వచ్చినది కనిపించింది. సార్ అప్పుడే చదివేసినట్టు దాని పక్కన గుర్తు ఉంది. తెరిచాను. మూడు భాగాలు. మొదటిది చిన్న లేఖ, రిపోర్టులు జతచేశాం చూసుకోండి అని. రెండోది పరీక్షల రిపోర్టు. మూడోది డాక్టరు రాసిన ఉత్తరం. సార్ గుండె చాలా బలహీనపడిందని, ఏ రోజైనా ఆగవచ్చని, ఇంటివాళ్ళకు అన్నీ తెలియాలి కాబట్టి భార్యను వెంటబెట్టుకుని వెంటనే రావాలని అందులో ఉంది.

అక్క వెనక నిలబడి ఉంది. "రెండు నెలల కింద నన్ను రావద్దని, కర్ర పట్టుకొని ఒక్కడే పోయొచ్చిండు హైదరాబాద్. ఏమన్నరంటే, అంత మంచిగనే ఉందన్నరన్నడు" అని తనలో తాను అనుకుంటున్నట్టు అంది.

నాకు సార్ మీద కోపం వచ్చింది. దాచను, నిజంగానే వచ్చింది. నాకు అంత నేర్పిన మనిషి అక్క దగ్గర ఒక కాగితం చదివి రెండు మడిచి పెట్టారు. ఆ రెండు నెలలు ఆమెవి. వెంటనే జాలి వేసింది. ఈ మెయిల్ ఆయన ఎవరి సాయం లేకుండా, ఒక్కరే కూర్చుని విని ఉంటారు. ఆ వీలు కల్పించింది నా చేతులే. పోయినాయన మాట పోనీ, ఇప్పుడు చదివి ఈమెను ఏడిపించి ఏం లాభం అని కూడా అనిపించింది. గొంతు సవరించుకున్నాను.

"ఏమున్నది తమ్మీ దాంట్ల?" అంది అక్క. ఆమెకు ఇంగ్లీషు రాదు.

"రిపోర్టులు పంపినం, చూసుకొమ్మని రాసిన్రు అక్కా" అన్నాను. అది అబద్ధం కాదు. మొదటి కాగితం.

 అక్క స్టూలు పక్కకు వచ్చి వంగి, కీబోర్డు మీద వేళ్ళతో తడిమింది. ఎర్ర బిళ్ల దొరికింది. నొక్కింది. మరగొంతు జాబితా గబగబా చదివింది. మధ్యలో అంకెలు మాత్రం అక్కకు కూడా తెలిశాయి. వన్, టూ, త్రీ.

"మూడున్నయ్" అంది అక్క. "ఇంక రెండు చదువు."

రెండోది చదివి తెలుగులో చెప్పాను. మూడోది తెరిచాను. మొదటి పంక్తి నుంచి చివరి చుక్క దాకా చెప్పాను, భార్యను వెంటబెట్టుకుని రమ్మన్న మాటతో సహా. నేను చదువుతున్నంతసేపూ అక్క ఆ బొట్టు మీంచి వేలు తీయలేదు.